నెలకు రెండు వేలు దాచి ఇంటిల్లిపాదీ హంపీ వెళ్లి రావడం ఎలా?

ఒకటీ ఒకటిన్నర జీతాలతో నడిచే ఇంట్లో పిల్లలు "సెలవులకి ఎక్కడికి వెళ్దాం?" అని అడిగితే "వచ్చే ఏడు చూద్దాం" అనే జవాబే ఎక్కువగా వస్తుంది. స్కూలు ఫీజుకి నెల లెక్క ఉంటుంది, అద్దెకి తేదీ ఉంటుంది, బంధువుల పెళ్లిలో చదివింపులకి కూడా ఎంతో కొంత తీసి పెట్టుకుంటాం. ప్రయాణం ఒక్కదాన్నే "మిగిలితే" అనే ఖాతాలో రాస్తాం. అక్కడ ఎప్పుడూ ఏమీ మిగలదు. కాబట్టి ప్రయాణం డబ్బుని కూడా ఫీజులాగే ముందే తీసేయాలి, ఆ తీసిన మేరకు ఇంటి ఖర్చు సర్దుకోవాలి. అది ఎలాగో ఒక నిజమైన ఊరిని, నిజమైన లెక్కను ముందు పెట్టుకుని చెబుతాను. విజయవాడ నుంచి హంపీకి ఇద్దరు పెద్దవాళ్లు, ఇద్దరు పిల్లలు. మీది వేరే ఊరైనా, మీరు అనుకున్నది అరకో కాశీయో అయినా పద్ధతి ఇదే.

అడుగులు మొదలుపెట్టే ముందు ఒక మాట. మన ఇళ్లలో పొదుపు అంటే చాలాసార్లు ఇల్లాలు తన వాటా తగ్గించుకోవడమే. చీర కొనుక్కోదు, పళ్లు పిల్లలకు పెట్టి తను ఊరుకుంటుంది, ఆటో మానేసి ఎండలో నడిచి వస్తుంది. తీరా ఊరెళ్తే లాడ్జి రూములో ఇండక్షన్ స్టవ్ మీద మళ్లీ ఆవిడే అన్నం వండుతుంది. అలా కూడబెట్టిన డబ్బుతో వెళ్లే ప్రయాణాన్ని కుటుంబ ప్రయాణం అనడానికి నాకు మనసొప్పదు. కింద రాసిన ప్రతి కోతా ఇంట్లో అందరికీ పడాలి. సెలవూ అందరికీ దొరకాలి.

మొదటి అడుగు: ఊరు, తేదీ, మొత్తం

ముగ్గురూ నలుగురూ కూర్చుని ఒక ఊరు ఖాయం చేయండి. "ఎక్కడికైనా వెళ్దాం" అనుకుని దాచే డబ్బు ఫ్రిజ్ రిపేరుకో, ఇంకో పెళ్లికో వెళ్లిపోతుంది. ఊరు పేరు ఉంటే దాని మీద చెయ్యి వేయడానికి ఇంట్లో ఎవరికైనా మొహమాటంగా ఉంటుంది. పిల్లలే కాపలా కాస్తారు.

తర్వాత తేదీ. హంపీ అంతా బండరాళ్లు. ఏప్రిల్, మే నెలల్లో ఆ రాళ్ల మధ్య పిల్లలతో తిరగడం కష్టం. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. స్కూళ్లకు రెండో శనివారం సెలవు కాబట్టి శుక్రవారం రాత్రి రైలెక్కి, శని, ఆది, సోమ అక్కడ ఉండి, మంగళవారం పొద్దునకు ఇంటికి చేరితే పిల్లలకు పోయేది ఒకటి రెండు రోజుల బడే. దసరా, సంక్రాంతి సెలవుల్లో టికెట్లూ దొరకవు, రూముల రేట్లూ పెరుగుతాయి. బడి ఒక రోజు మానిపించడానికి వెనకాడేవాళ్లు ఉంటారు. విజయనగర సామ్రాజ్యం పాఠం పుస్తకంలో చదివే పిల్లలు ఆ రాజధానిని కళ్లతో చూడటం చదువు కిందికే వస్తుందని నా ఉద్దేశం. టీచరుకి ముందే చెప్పి తీసుకెళ్లండి.

ఇప్పుడు మొత్తం లెక్క. స్లీపర్ క్లాసుకి మనిషికి రానూ పోనూ 900 వేసుకుంటే నలుగురికి 3,600. నలుగురికీ ఒకే రూము, రోజుకి 2,000 చొప్పున మూడు రోజులకు 6,000. తిండికి 6,000. రెండు రోజులు ఆటో మాట్లాడుకోవడానికి 3,000. చూసే చోట్ల టికెట్లు, బస్సులు, పుట్టి (గుండ్రటి బుట్ట పడవ) ఎక్కడం, చిన్న చిన్న కొనుగోళ్లకు 1,400. ఇవన్నీ కలిపితే 20,000. దాని మీద అయిదో వంతు, అంటే 4,000, అనుకోని ఖర్చుకి. మొత్తం 24,000. పన్నెండు నెలలకు పంచితే నెలకు 2,000.

ఇవి అంచనాలు. మీరు వెళ్లే నాటికి రైలు ఛార్జీ, రూము రేటు చూసుకుని మార్చుకోండి. ఆ అయిదో వంతు మాత్రం తీసేయకండి. ఊరు కాని ఊర్లో పిల్లాడికి జ్వరం వస్తే డాక్టరు దగ్గరికి వెళ్లేది ఆ డబ్బుతోనే.

రెండో అడుగు: ఒక నెల పద్దు

ఒక నెల పాటు ఏమీ తగ్గించకుండా, ప్రతి ఖర్చూ రాయండి. ఇది వరకటి కన్నా ఇప్పుడు తేలిక. ఫోన్‌పే, గూగుల్ పే, బ్యాంకు స్టేట్‌మెంట్ తీస్తే సగం లెక్క అక్కడే ఉంటుంది. నగదు ఖర్చులకు ఫ్రిజ్ మీద ఒక చిన్న పుస్తకం, దానికి దారం కట్టిన పెన్ను. పెన్ను వెతుక్కోవాల్సి వస్తే రెండో వారానికి ఎవరూ రాయరు.

నెలాఖరున ఖర్చుల్ని మూడు రకాలుగా విడదీయండి. తప్పనివి (అద్దె, ఫీజులు, పాలు, మందులు, ఇన్సూరెన్స్), తగ్గించగలిగేవి (కరెంటు, పెట్రోలు, కిరాణా), జరిగినట్టు కూడా గుర్తులేనివి. డబ్బు దొరికేది ఈ మూడో రకంలోనే. ఎవరూ చూడని ఓటీటీ చందా, ఆఫీసు దగ్గర రోజూ రెండు టీలతో పాటు సమోసా, రాత్రి తొమ్మిదింటికి "ఏం వండుతాం లే" అని స్విగ్గీలో పెట్టిన ఆర్డరు.

అప్పుడు ఇంట్లో అందరూ కూర్చుని ఎవరేం వదులుకుంటారో వాళ్లే చెప్పాలి. ఒకరి కోత ఇంకొకరు నిర్ణయిస్తే రెండు వారాలు కూడా నిలవదు. ఒక మామూలు ఇంట్లో లెక్క ఇలా రావచ్చు. ఆదివారం బిర్యానీ నెలకు నాలుగుసార్లు బయటి నుంచి వస్తుంటే రెండుసార్లు ఇంట్లో చేసుకోవడం: ఒక్కోసారి 400 చొప్పున 800 మిగులు. ఓటీటీల్లో ఒకటి ఉంచి మిగతావి ఆపేస్తే 300. బయటి టీ, చిరుతిండి సగం చేస్తే 400. కరెంటులో 200. పెట్రోలులో 300. సరిగ్గా 2,000 వచ్చింది. ఇంట్లో చేసే ఆ రెండు బిర్యానీల్లో ఒకటి ఇంటాయన చేయాలి, పిల్లలు ఉల్లిపాయలు తరగాలి. లేకపోతే 800 మిగిలింది ఇల్లాలి ఆదివారం లోంచి అన్నమాట.

అత్తగారో నాన్నగారో ఇంట్లో ఉంటే వాళ్లనీ ఈ మాటల్లో కూర్చోబెట్టండి. జాగ్రత్తగా ఇల్లు నడపడం వాళ్లకు తెలిసినంత మనకు తెలియదు. అడిగితే సంతోషంగా చెబుతారు.

మూడో అడుగు: జీతం పడిన మర్నాడే పక్కకి

బ్యాంకు యాప్‌లోనే రికరింగ్ డిపాజిట్ (ఆర్‌డీ) తెరవచ్చు. పన్నెండు నెలలకు, నెలకు 2,000 చొప్పున, జీతం పడే తేదీకి మర్నాడు కట్ అయ్యేట్టు పెట్టండి. పోస్టాఫీసు ఆర్‌డీ కూడా మంచిదే, కానీ అది అయిదేళ్ల పథకం. ఏడాదిలో వెళ్లే ప్రయాణానికి బ్యాంకుదే కుదురుతుంది. వడ్డీ పెద్దగా రాదు. ఈ ఆర్‌డీ వల్ల లాభం ఏమిటంటే ఆ డబ్బు యూపీఐకి అందదు. పొదుపు ఖాతాలోనే వదిలేస్తే స్కాన్ చేసిన ప్రతిసారీ కొంచెం కొంచెం తరిగిపోతుంది.

చీటీ వేద్దామా అని చాలామంది అడుగుతారు. చిట్ ఫండ్ చట్టం కింద రిజిస్టరైన కంపెనీలో అయితే సరే, కానీ మనకు కావాల్సిన నెలలో పాట మన పేరున రాకపోవచ్చు, ముందే కావాలని పాడితే చీటీ మొత్తంలో కొంత కోత పడుతుంది. వీధిలో నోటి మాట మీద నడిచే చీటీలో ప్రయాణం డబ్బు పెట్టవద్దని గట్టిగా చెబుతాను. ఈఎంఐ మీద విహారయాత్ర సంగతి అసలే వద్దు. వెళ్లొచ్చాక ఏడాది పాటు వాయిదాలు కడుతుంటే ఫొటోలు చూసుకోవాలని కూడా అనిపించదు.

నాలుగో అడుగు: వంటిల్లు

ఇక్కడ కాస్త ఆగుదాం. అద్దె మన చేతిలో లేదు, ఫీజు మన చేతిలో లేదు. వంటింటి ఖర్చు ఉంది.

మన పెద్దవాళ్లు సంవత్సరం సరుకులు ఒకేసారి కొనేవాళ్లు. దాని వెనక మంచి లెక్క ఉంది. పంట ఇంటికి వచ్చిన నెలల్లో సరుకు తాజాగానూ ఉంటుంది, ధర కూడా మిగతా నెలల కన్నా దిగి ఉండే అవకాశం ఎక్కువ. కందిపప్పు కొత్త పంట జనవరి, ఫిబ్రవరిలో వస్తుంది. చింతపండు ఫిబ్రవరి, మార్చిలో. ఎండుమిర్చి మార్చి, ఏప్రిల్‌లో గుంటూరు యార్డు నిండా ఉంటుంది. మే నెలలో ఆవకాయ. అన్నీ ఒకే నెలలో కొనాలంటే జీతం చాలదు, కానీ ఇవి వేర్వేరు నెలల్లో వస్తాయి కాబట్టి నెలకు ఒక సరుకు చొప్పున సర్దుకోవచ్చు. ఒక్క ఇంటికి ఎక్కువ అనిపిస్తే అక్కచెల్లెళ్లో, పక్కింటివాళ్లో కలిసి బస్తా కొని పంచుకోండి.

కొనడం ఒక ఎత్తు, నిలవ చేయడం ఒక ఎత్తు. కందిపప్పుని బాగా ఎండబెట్టి, కొంచెం ఆముదం పట్టించి డబ్బాల్లో పోస్తే పురుగు పట్టదు. చింతపండులో గింజ, ఈనె తీసేసి కాస్త ఉప్పు కలిపి జాడీలో అదిమి పెట్టాలి. మిరపకాయలు తొడిమలతోనే ఎండబెట్టి, కారం పట్టించే రోజున తొడిమలు తీయండి. పురుగు పట్టి పారబోసేట్టయితే ఇందులో పొదుపు ఏమీ లేదు. నిలవకు చోటు, ఎండబెట్టడానికి డాబా లేని ఫ్లాట్లలో ఉండేవాళ్లు మూడు నెలల సరుకుతో సరిపెట్టుకోవడమే మంచిది.

కూరగాయలకు రైతుబజారు. 1999లో మొదలైనప్పటి నుంచి అక్కడ ధరల బోర్డు పెడుతున్నారు, ఆ బోర్డు చూసి కొనండి. సాయంత్రం మూసే వేళకి వెళ్తే ఇంకా తగ్గుతుంది గానీ ఆకుకూరలు వాడిపోయి ఉంటాయి. ఆకుకూరలకు పొద్దున, దుంపలకూ గుమ్మడికీ సాయంత్రం అని మేము పెట్టుకున్నాం. రోడ్డు పక్కన గంపలో నాలుగు కట్టలు పెట్టుకున్న ముసలమ్మ దగ్గర మాత్రం బేరం చేయకండి. ఆ అయిదు రూపాయలతో మన ప్రయాణం ఆగదు.

అన్నిటికన్నా ఎక్కువ మిగిల్చేది ఒక చిన్న అలవాటు. రేపు ఏం వండాలో ఈ రాత్రే అనుకోవడం. పప్పు నానబెట్టి ఉంటే, కూర తరిగి ఫ్రిజ్‌లో ఉంటే, దోసెల పిండి గిన్నెలో పొంగుతుంటే సాయంత్రం అలసిపోయి ఇంటికొచ్చిన మనిషి చెయ్యి ఫోన్ వైపు వెళ్లదు. బయటి ఆర్డర్లు నోటి రుచి కోసం పెట్టేవి కొన్నే, ఓపిక లేక పెట్టేవే ఎక్కువ. అందుకని ఆదివారం సాయంత్రం ఒక గంట ఇంట్లో ఇద్దరు ముగ్గురు కలిసి అల్లం వెల్లుల్లి నూరి, కొబ్బరి తురిమి, ఒక పొడి కొట్టి పెట్టుకోండి. కందిపొడి, నెయ్యి, ఒక పచ్చడి ఉన్న ఇంట్లో వర్షం కురిసే రాత్రి కూడా భోజనం సిద్ధమే.

సాయంత్రం బడి నుంచి వచ్చే పిల్లలకు పెద్ద ప్యాకెట్ చిప్స్ బదులు ఉడికించిన వేరుశెనక్కాయలు, అటుకుల ఉప్మా, మరమరాల మసాలా. పిల్లలు మొదట్లో మొహం ముడుచుకుంటారు. "ఇవాళ మానిన చిప్స్ డబ్బు" అని ఒక డిబ్బీలో వాళ్ల చేతే పది రూపాయలు వేయించండి, ఆ డబ్బు హంపీలో వాళ్లది. ముడుచుకున్న మొహాలు విచ్చుకుంటాయి.

గ్యాస్ సంగతి కొంచెం. పప్పు అరగంట నానబెడితే త్వరగా ఉడుకుతుంది. అన్నం, పప్పు, ఒక దుంప కుక్కర్ గిన్నెల్లో ఒకేసారి పెట్టండి. అందరూ ఒకే వేళకి తింటే కూరలు మళ్లీ మళ్లీ వేడి చేసే పని ఉండదు. ఇలా చేస్తే 14.2 కిలోల సిలిండర్ మరికొన్ని రోజులు వస్తుంది.

పాలు, గుడ్లు, పళ్లు, పప్పు తగ్గించవద్దు. ఎదిగే పిల్లల తిండిలో, పెద్దవాళ్ల మందుల్లో, ఆరోగ్య బీమాలో, పనిమనిషి జీతంలో కోత పెట్టి చేసే ప్రయాణం వద్దేవద్దు.

అయిదో అడుగు: కరెంటు, బస్సు

కరెంటు బిల్లు శ్లాబుల మీద నడుస్తుంది, వాడకం పెరిగే కొద్దీ యూనిట్ రేటు పెరుగుతుంది. అందుకని శ్లాబు అంచున ఉన్న ఇంటికి పదిహేను ఇరవై యూనిట్లు తగ్గినా తేడా కనిపిస్తుంది. తెలంగాణలో గృహజ్యోతి వర్తించే ఇళ్లకు 200 యూనిట్ల దాకా ఉచితం, దాటితే ఆ నెల మొత్తం బిల్లు కట్టాల్సిందే. నెల మధ్యలో ఒకసారి మీటరు చూసుకోండి. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్ల దాకా తీసుకుంటుంది, తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల చుట్టుపక్కల. రోజుకు 15 గంటలు తిరిగే ఫ్యాను మార్చితే నెలకు 20 యూనిట్లు తగ్గుతాయి. హాల్లో ఎక్కువగా తిరిగే ఒక్క ఫ్యానుతో మొదలుపెట్టండి. ఏసీని 24 దగ్గర ఉంచి, పక్కన ఫ్యాను కూడా వేస్తే చాలు.

ఇక ఊళ్లో తిరుగుళ్లు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది. ఆఫీసుకో, కాలేజీకో రోజూ ఆటోలో వెళ్లే ఇంట్లో ఈ ఒక్క మార్పుతోనే నెల వాటా పూర్తి కావచ్చు. ఆధార్ కార్డు లాంటి గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోవాలి. ఈ వెసులుబాటు మన రాష్ట్రం బస్సుల్లోనే. కర్ణాటకలో శక్తి పథకం అక్కడి ఆడవాళ్లకు మాత్రమే, హంపీ బస్సులో మనం టికెట్ తీసుకోవాలి.

ఆరో అడుగు: పెళ్లిళ్లు, పండగలు

శ్రావణం, మాఘం వచ్చాయంటే నెల పద్దు తలకిందులవుతుంది. చదివింపులు మానుకోమని చెప్పను. మన ఇంట్లో శుభకార్యానికి వాళ్లు చదివించినవి పుస్తకంలో ఉంటాయి, తిరిగి ఇవ్వడం మన మర్యాద. తగ్గించగలిగేది మన మీద మనం పెట్టుకునే ఖర్చు. ప్రతి పెళ్లికీ కొత్త చీర, కొత్త షర్టు అక్కర్లేదు. ఈ ఏడాదికి ఒక మంచి జత అనుకుని, అదే అన్నిటికీ కట్టుకోవచ్చు. ఇది మగవాళ్లకీ, పిల్లలకీ కూడా. వేరే ఊళ్లో జరిగే ఫంక్షన్‌కి ఇంట్లో నుంచి ఇద్దరు వెళ్లినా మాట దక్కుతుంది, నలుగురికీ రైలు ఛార్జీలు అవసరం లేదు. దగ్గరివాళ్ల పెళ్లి అయితే అందరూ వెళ్లండి, ఇక్కడ లెక్క చూడకండి.

పండగ బోనస్ లాంటిది వస్తే సగం ప్రయాణం ఖాతాకి, సగం పండగకి.

ఏడో అడుగు: టికెట్

2024 నవంబరు 1 నుంచి రైల్వే ముందస్తు రిజర్వేషన్ 60 రోజులే. అంతకు ముందు 120 ఉండేది, చాలామందికి ఇంకా ఆ లెక్కే గుర్తుంది. ప్రయాణం రోజుని లెక్కలో కలపరు. నవంబరు 13 శుక్రవారం బయల్దేరాలంటే సెప్టెంబరు 14 పొద్దున 8 గంటలకు బుకింగ్ తెరుచుకుంటుంది. తిరుగు ప్రయాణం నవంబరు 16 అయితే దాని బుకింగ్ సెప్టెంబరు 17న. రెండు తేదీలూ క్యాలెండర్‌లో ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టండి. వెళ్లే టికెట్ తీసుకుని తిరుగు టికెట్ సంగతి తర్వాత చూద్దాం అనుకుంటే తత్కాల్ దాకా వస్తుంది. తత్కాల్‌కి ఎక్కువ కట్టాలి, పైగా దొరుకుతుందో లేదో అనే టెన్షన్.

నరసాపురం నుంచి హుబ్బళ్లి వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్ విజయవాడ, గుంటూరు, నంద్యాల, గుంతకల్లు, బళ్లారి మీదుగా హోసపేట వెళ్తుంది. హంపీకి దగ్గరి స్టేషన్ అదే. రాత్రి రైల్లో పడుకుంటే ఒక రాత్రి రూము అద్దె కూడా మిగిలినట్టే. మిగతా ఊళ్లవాళ్లు గుంతకల్లు దాకా ఏదో ఒక రైల్లో వచ్చి, అక్కడి నుంచి హోసపేట వైపు బండి పట్టుకోవచ్చు.

పిల్లల టికెట్ విషయంలో నియమం తెలుసుకోండి. అయిదేళ్లు నిండని వాళ్లకు బెర్తు అడక్కపోతే టికెట్ అక్కర్లేదు. అయిదు నుంచి పన్నెండేళ్ల లోపు వాళ్లకు బెర్తు కావాలంటే పూర్తి ఛార్జీ, వద్దంటే సగం. పగటి ప్రయాణానికి సగం టికెట్ బాగానే ఉంటుంది. రాత్రి ప్రయాణానికి ఎనిమిదేళ్ల పిల్లని తల్లి బెర్తులో సర్దితే ఆ తల్లికి నిద్ర ఉండదు. బెర్తు తీసుకోండి. పెద్దవాళ్లు వస్తుంటే, అరవై నిండిన మగవాళ్లకూ నలభై అయిదు నిండిన ఆడవాళ్లకూ ఉండే లోయర్ బెర్తు కోటా వాడుకోండి.

ఎనిమిదో అడుగు: ఎక్కడ దిగాలి, ఏం తినాలి

హోసపేటలో రూములు ఎక్కువ. హంపీ అక్కడికి 13 కిలోమీటర్లు, బస్సులు ఉన్నాయి. కమలాపురంలో కర్ణాటక టూరిజం వాళ్ల మయూర భువనేశ్వరి హోటల్ ఉంది. చూసే చోట్లకు దగ్గర, కాకపోతే ముందే బుక్ చేసుకోవాలి. ఎక్కడైనా సరే ఫోన్ చేసి నాలుగు విషయాలు అడగండి: నలుగురికి ఒకే రూము ఇస్తారా, అదనపు పరుపుకి ఎంత, వేడి నీళ్లు ఏ వేళకి, రూము ఖాళీ చేశాక సాయంత్రం దాకా సామాను ఉంచుతారా. చివరిది ఒప్పుకుంటే మూడో రోజు అద్దె మొత్తం మిగులుతుంది.

తీర్థయాత్ర అయితే లెక్క మారుతుంది. తెలుగువాళ్లకు సత్రాలు చాలా చోట్ల ఉన్నాయి. కాశీలో మానససరోవర్ ఘాట్ దగ్గర శ్రీరామ తారక ఆంధ్రాశ్రమం పేరు ఎరగని తెలుగు యాత్రికులు తక్కువ. ముందే రాసి, గది దొరికే తేదీ చూసుకుని అప్పుడు రైలు టికెట్ తీసుకోవాలి.

తిండికి మా నియమం: మొదటి రాత్రి ఇంటి పులిహోర, చపాతీలు. మర్నాటి నుంచి ఆ ఊరి తిండి. దారికి జంతికలు, సున్నుండలు, కొంచెం కందిపొడి ఉంటే పిల్లలు ఆకలన్నప్పుడల్లా ప్లాట్‌ఫారం మీద కొనక్కర్లేదు. ఖాళీ సీసాలు పట్టుకెళ్లి లాడ్జిలో ఫిల్టరు నీళ్లు నింపుకోండి. అంతకు మించి వంట సామాను మోయవద్దు. ఉత్తర కర్ణాటక మెస్సుల్లో జొన్నరొట్టె, వంకాయ కూర, వేరుశెనగ చట్నీ పొడి పెడతారు. మన రాయలసీమ నోటికి బాగా దగ్గర, ఖరీదూ తక్కువే. పెద్ద హోటల్లో ఒక పూటకి అయ్యే డబ్బుతో ఇక్కడ రోజంతా తినొచ్చు. ఆటో డ్రైవరుని "మీరెక్కడ తింటారు?" అని అడగండి, సరైన చోటికి తీసుకెళ్తాడు. తెలుగులో అడిగినా అర్థం చేసుకునేవాళ్లు అక్కడ చాలామంది ఉన్నారు.

తొమ్మిదో అడుగు: అక్కడ ఖర్చు పెట్టాల్సినవి, అక్కర్లేనివి

విఠలాలయం టికెట్ పెద్దవాళ్లకు 40 రూపాయలు, ఆన్‌లైన్‌లో తీసుకుంటే అయిదు తక్కువ. పదిహేనేళ్ల లోపు పిల్లలకు ఉచితం. అదే టికెట్ అదే రోజు లోటస్ మహల్ ఉన్న జనానా ప్రాంగణానికి, కమలాపురం మ్యూజియానికి కూడా చెల్లుతుంది. కాబట్టి ఈ మూడూ ఒకే రోజు పెట్టుకోండి. మ్యూజియానికి శుక్రవారం సెలవు. మొదటి రోజు విరూపాక్షాలయం, హేమకూటం కొండ, కడలెకాళు గణపతి, ఉగ్ర నరసింహుడు. ఇవన్నీ నడిచి చూడొచ్చు. హేమకూటం మీద సూర్యాస్తమయానికి టికెట్ లేదు. మూడో రోజు పొద్దున తుంగభద్రలో పుట్టి ఎక్కి, మధ్యాహ్నం హోసపేట వచ్చేయండి. పుట్టి ఎక్కే ముందు రేటు మనిషికా, పుట్టికా అని తేల్చుకోండి. ఆటోకీ అంతే, చూడాల్సిన చోట్ల పేర్లు కాగితం మీద రాసి చూపించి మొత్తానికి ఒక రేటు మాట్లాడుకోండి.

ఒక పూటకి గుర్తింపు కార్డున్న గైడుని పెట్టుకోవడం దగ్గర మాత్రం వెనకాడకండి. ఏడాది పాటు చిప్స్ మానిన పిల్లలకు ఆ రాళ్ల కథ చెప్పేవాళ్లు లేకపోతే అవి రాళ్లుగానే మిగిలిపోతాయి. విఠలాలయంలోని రాతి రథం ముందు నిలబడ్డప్పుడు కొత్త యాభై రూపాయల నోటు వెనక వైపు పిల్లలకు చూపించండి. వాళ్ల డిబ్బీ డబ్బు ఏం కొనుక్కోవాలో వాళ్లనే తేల్చుకోనివ్వండి. "అది ఎందుకు?" అని అడగవద్దు.

అక్కర్లేనివి: ప్రతి మలుపులో కొబ్బరినీళ్లు, ఐస్‌క్రీము, టోపీ, కళ్లజోడు. టోపీలు, గొడుగు ఇంటి నుంచే తీసుకెళ్లాలి. బంధువులందరికీ బహుమతులు కొనే ఆచారం కూడా మానుకోవచ్చు. విరూపాక్షుడి కుంకుమ పొట్లం అందరికీ ఇవ్వండి.

రోజువారీ డబ్బుని కవర్లలో పెట్టుకోండి, కవరు మీద తేదీ వేసి. రోజూ రాత్రి ఇంట్లో ఒకరు, పెద్ద పిల్లో పిల్లాడో అయితే మరీ మంచిది, ఆ రోజు లెక్క రాయాలి. ఎనిమిదో తరగతి పిల్లకి ఈ పని ఇచ్చి చూడండి, రెండో రోజుకే "నాన్నా, ఈ పూట టీ ఒకసారే" అంటుంది.

తిరిగి వచ్చాక

టికెట్లు పారేయకండి. జీతంలో ఎల్‌టీఏ (సెలవు ప్రయాణ భత్యం) ఉండి, పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు నాలుగు క్యాలెండర్ సంవత్సరాల బ్లాకులో రెండు ప్రయాణాలకు మినహాయింపు ఉంది. అది ప్రయాణ ఛార్జీలకే, రూముకీ తిండికీ వర్తించదు. ఆఫీసులో అడిగిన తేదీలోపు టికెట్లు ఇవ్వాలి.

అంచనా పక్కన అసలు ఖర్చు రాయండి. తిండికి 6,000 అనుకుంటే 4,500 అయిందా, ఆటోకి 3,000 అనుకుంటే 3,800 అయిందా అని. తర్వాతి ప్రయాణానికి ఈ కాగితమే ఆధారం. మిగిలిన డబ్బు ఖర్చు చేసేయకుండా కొత్త ఆర్‌డీలో మొదటి వాయిదాగా వేయండి. ఈసారి అమ్మానాన్నల్ని కాశీ తీసుకెళ్లాలనుకుంటే దూరం ఎక్కువ, మనుషులు ఎక్కువ. ఏడాది బదులు రెండేళ్లకి పెట్టుకుంటే నెల వాటా పెద్దగా పెరగదు. ఏ నెలలో వెళ్లాలో మాత్రం వాళ్లనే అడగండి.